పేరెత్తని పురుగు

అల్ నహ్దా, షార్జా
నవంబర్ 6, 2022

రాజ్యం నాయనకు,

నీ ఉత్తరం నిన్న షాహుల్ అన్న తెచ్చిచ్చాడు. చదివాను. కాగితం తిప్పి వెనక చూశాను. కవరులో వేలు పెట్టి కూడా వెతికాను. మా అన్న మాట ఒక్కటీ లేదు. కిందటి ఉత్తరంలోనూ లేదు.

మీరిద్దరూ సోనాపూర్ క్యాంపులో ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేకపోయె. ఫోనుండేది, సెలవు రోజు ఇద్దరూ వచ్చి నా చేతి అన్నం తినిపోయేవారు. ఆ దీవికి పోయిన దగ్గర్నుంచి మనం మళ్లీ పాతకాలం మొగుడూ పెళ్లాలమైపోయాం. హోటలు కడితే కట్టుకోనీ, దాని ఫోటోలు బయటికి పోతాయని కూలివాళ్ల ఫోన్లు జెట్టీలోనే గుంజుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. నీళ్ల బోటు నడిపే షాహుల్ అన్న మా ఎదురు బిల్డింగులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నువ్వున్నావో లేవో కూడా తెలిసేది కాదు.

అన్నకు చదువు రాకపోయినా నీ పక్కన కూర్చుని చెప్పి రాయిస్తాడు కదా. చివర్న ఒక పొడుపుకథ వేయకుండా వదలడు. దసరా ముందు వేసినదానికి నేను జవాబు పంపాను. ఒప్పో తప్పో ఇంతవరకు చెప్పలేదు. పొడుపుకథ వేసి ఊరుకునే మనిషా ఆయన? మన పెళ్లిలో నా చేత నీ పేరు చెప్పించాలని గడప దగ్గర అడ్డం నిలబడి ఎన్ని వేశాడో మరిచిపోయావా? నేను ఒక్కదానికీ చిక్కలేదు. ఆ ఉక్రోషం ఆయనకు ఇంకా ఉంది.

షాహుల్ అన్నను అడిగాను, మా అన్న ఎట్లున్నడని. లిఫ్టు వైపు చూస్తూ "బాగుండాడమ్మా, బాగుండాడు" అన్నాడు. ఒక్కసారి అనుంటే నమ్మేదాన్ని.

ఇంకో మాట. దీవిలో ఒక సర్వే మేడం ఏదో ప్రాణి కోసం రాళ్లన్నీ తిప్పి చూస్తోందని రాశావు. భూమ్మీద ఆ ఒక్క దీవిలో తప్ప ఎక్కడా లేనిదట, మూరెడు కూడా ఉండదట, కోరల్లో మాత్రం విషమట. అది దొరికితే పని బంద్, అందరినీ దీవి దింపేస్తారని మీకు భయమట. దొరికిందా? దాని పేరు నేను రాయను. దీపాలు పెట్టే వేళయింది, మా అమ్మ కిష్టవ్వ పెంపకం నాది.

రాజ్యం మొన్న ఫోనులో పన్ను ఊడిందని చూపించింది. అమ్మమ్మ దగ్గర బాగానే ఉంది. సెలవుకు వచ్చే వంతు ఈసారి నీదే కదా, మటన్ తెచ్చి పెడతాను. అన్నను కూడా తీసుకురా.

ప్రేమ


దీవి క్యాంపు
నవంబర్ 13, 2022

ప్రేమకు,

ఇక్కడ అందరం క్షేమం. నీకొక మంచి వార్త. నాకు తెల్ల హెల్మెట్ ఇచ్చారు. అంటే ఇకనుంచి నేను ఫోర్‌మన్‌ను. మన తెలుగువాళ్లకు, ముదీర్‌కు మధ్య మాట చేరవేసేది కూడా నేనే. మనవాళ్లలో హిందీ సరిగ్గా వచ్చినవాడు నేనొక్కడినే కదా. ముదీర్ మంచి మనిషి. పేరుకు మేనేజరే గానీ భుజం మీద చెయ్యేసి మాట్లాడతాడు.

బావ గురించి నువ్వు అంత కంగారు పడాల్సిందేమీ లేదు. బ్లాకులు ఎత్తుతుంటే చేతికి ఏదో చిన్న పురుగు కుట్టింది. కొంచెం వాచింది. మా క్యాంపు నర్సు ప్రమోద్ చూసి మందులిచ్చాడు. నలుగురిలో ఉంటే నిద్ర పట్టదని వేరే గదిలో పడుకోబెట్టారు. నాకు కొత్త పని కాబట్టి ఆయన దగ్గర కూర్చుని రాయడానికి తీరలేదు, అంతే.

ఈ వారం సెలవుకు రాలేను. పని ఒత్తిడి ఉంది, నా వంతు వేరేవాళ్లకు ఇచ్చాను. ఏమీ అనుకోకు.

సర్వే మేడంకు ఏమీ దొరకలేదు. ఎప్పుడో ఒక నావికుడు సీసాలో పెట్టుకుపోయాడట, అదొక్కటే ఆధారమట. ఇప్పుడు ఆ జాతి లేనే లేదని ఇక్కడ అందరూ అంటున్నారు. ఇంకో రెండు నెలల్లో ఆమె రిపోర్టు రాసిచ్చి పోతుంది. ఆ తర్వాత మన పనికి ఢోకా లేదు.

బావ ఈ మాట రాయమన్నాడు: "ప్రేమా, నేను బాగున్నాను. అమ్మను అడిగినట్టు చెప్పు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో."

రాకేశ్


అల్ నహ్దా, షార్జా
నవంబర్ 20, 2022

రాజ్యం నాయనకు,

తెల్ల హెల్మెట్ వచ్చినందుకు సంతోషం. అమ్మకు చెప్పాను, గల్లీ అంతా చెప్పుకుని వచ్చింది. నీ తల పెద్దది, అది సరిపోయిందా లేదా రాయి.

ఇక మా అన్న మాట రాసి పంపావు. ఎవరి అన్న మాట అది? మా అన్న నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి నన్ను "ముసల్దానా" అని తప్ప పిలవలేదు. పదేళ్ల వయసులోనే ముసల్దానిలాగా అందరినీ కోప్పడేదాన్నని పెట్టిన పేరది. నీ ఎదురుగా కూడా అట్లాగే పిలుస్తాడు. "ప్రేమా, నేను బాగున్నాను, ఆరోగ్యం జాగ్రత్త" అనడానికి ఆయనేమైనా పోస్టు మాస్టరా? పొడుపుకథ ఏది?

నాకు కొన్ని సంగతులు తెలియాలి. కుట్టింది ఏ పురుగు? కందిరీగా, జెర్రా, తేలా? ఏ చెయ్యి? పురుగు కుట్టినందుకు మనిషిని వేరే గదిలో పెడతారా? ఇక్కడ నేను పనిచేసే ఇంట్లో దిల్షాద్ బేగం పిల్లలిద్దరినీ పార్కులో రోజూ ఏదో ఒకటి కుడుతుంది, సున్నం రాసి బడికి పంపుతాను. నా అన్న సిమెంటు బస్తా కాలి మీద పడితే తిట్టుకుంటూ అదే కాలితో పనికి పోయిన మనిషి.

అబద్ధమని అనడం లేదు. కానీ అన్నం సయించడం లేదు. బేగం కూడా అడిగింది ఏమైందని.

ఒక పని చెయ్యి. చిన్నప్పుడు నేను దొంగతనం చేసి అన్న మీదికి తోసిన వస్తువేమిటో ఆయన్ను అడిగి రాయి. నీకు తెలియదు, అమ్మకు తెలియదు. మా ఇద్దరికే తెలుసు. జవాబు వస్తే నోరు మూసుకుంటాను. లేదంటే అన్న చేత కాగితం మీద ఒక గీత గీయించి పంపు. వంకర గీతైనా ఫరవాలేదు.

తెల్ల హెల్మెట్ ఎప్పుడిచ్చారో కూడా రాయి. పురుగు కుట్టకముందా, కుట్టిన తర్వాతా?

ప్రేమ


దీవి క్యాంపు
నవంబర్ 27, 2022

ప్రేమకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. పరాయివాడిని అడిగినట్టు అడిగావు. ఏ పురుగు, ఏ చెయ్యి, హెల్మెట్ ఎప్పుడు, ఇవన్నీ మొగుణ్ని అడిగే ప్రశ్నలా? పోలీసువాళ్లు కూడా ఇంత అడగరు.

గీత గీయించమన్నావు. కుడి చెయ్యి కట్టులో ఉన్నవాడు గీత ఎట్లా గీస్తాడు? వాపు పూర్తిగా తగ్గాక ఒకటి కాదు, పది గీయిస్తాను. నువ్వు దొంగిలించిందేమిటో ఆయనకు గుర్తు లేదన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి ముచ్చట ఎవరికి గుర్తుంటుంది?

షాహుల్‌ను గుచ్చి గుచ్చి అడుగుతున్నావట. వద్దు. ఇక్కడి మాట బయట మాట్లాడితే అతని బోటు పని పోతుంది. బేగంతో కూడా ఏమీ అనకు. అమ్మకు అసలే చెప్పకు, ఆమె ఏడుపు మొదలుపెడితే ఊరంతా పోగవుతుంది.

రాజ్యాన్ని మంచి బడిలో వేయాలని నువ్వే అన్నావు. దానికి ఇక్కడ నేను నిలబడాలి. కొన్నాళ్లు ఓపిక పట్టు. ఆ మేడం రిపోర్టు రాసి పోనీ. అంతా దానంతటదే సర్దుకుంటుంది.

రాకేశ్


అల్ నహ్దా, షార్జా
డిసెంబర్ 4, 2022

రాజ్యం నాయనకు,

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. పురుగు కుట్టినవాడి గురించి అడిగితే, మేడం రిపోర్టు రాసి పోనీ అంటావేమిటి? పురుగుకూ ఆ మేడం రిపోర్టుకూ ఏం సంబంధం? నీ ఉత్తరం మూడుసార్లు చదివి, కాగితం మడిచి, ఎదురు బిల్డింగుకు పోయాను.

షాహుల్ అన్న తేలు కుట్టిన దొంగలా మూల కూర్చున్నాడు. నేను ఏడ్చాను. ఆయన భార్య ఫర్జానా చాయ్ తెచ్చిచ్చి, "చెప్పు, ఆ పిల్ల అన్న గదా, నీ చెల్లెలైతే చెప్పవా" అని తిట్టింది. అప్పుడు నోరు విప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆ దినం నేను నీళ్లు దించతా ఉండానమ్మా. మీ ఆయన మీ అన్నను ఈపు మీద ఏసుకోని ఆ చివర్నించి పరిగెత్తుకుంటా వచ్చినాడు. రొప్పతా ఉండాడు. మీ అన్నేమో 'పురుగు ముట్టింది, పురుగు ముట్టింది' అని ఒకటే మాట. నర్సు వచ్చి ఏమైందని హిందీలో అడిగినాడు. మీ ఆయన 'కీడా కాటా' అన్నాడు, పురుగు కుట్టిందని. ముదీర్ కూడా ఆణ్నే ఉండాడు. నేను టౌనులో పుట్టినోణ్ని, ఇంట్లో ఉర్దూ. నాకు పురుగంటే పురుగే. కుట్టను కూడా లేదు, ఉత్తినే ముట్టుకునిందంటన్నాడు గదా, ఏమవతాదిలే అనుకున్నా."

ముట్టిందనే అన్నాడా అని మళ్లీ అడిగాను. అవునన్నాడు.

షాహుల్ అన్నకు తెలియకపోవచ్చు. ఆ నర్సుకు తెలియకపోవచ్చు. నీకు తెలియదా? నువ్వూ నేనూ పుట్టింది ఒకే ఊళ్లో. మీ చిన్నాయన వరి కోతల్లో ఎట్లా పోయాడు? పురుగు ముట్టి. ఆ రోజు మీ ఇంట్లో అదే మాట అని ఏడ్చారు. చీమ కుడుతుంది, తేలు కుడుతుంది. ముట్టేది ఒక్కటే. దాని పేరు నోటితో అనలేకనే మన పెద్దవాళ్లు పురుగన్నారు, కరిచిందనే మాట కూడా అనలేకనే ముట్టిందన్నారు. ఇది మన దగ్గర పాలు తాగే పిల్లకు తెలుసు.

అన్న "ముట్టింది" అన్నాడు. నాకు రాసేటప్పుడు నువ్వు "కుట్టింది" అని రాశావు. ఒక్క అక్షరం మార్చావు. ఆ నర్సుకు కూడా అట్లాగే మార్చి చెప్పావు. ఎందుకో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అది దీవిలో ఉందని తెలిస్తే పని ఆగుతుంది. లేదని రాయించాలంటే నా అన్నకు అది ముట్టకూడదు. షాహుల్ అన్న ఇంకో మాట కూడా చెప్పాడు. బయటికొచ్చే తెలుగు ఉత్తరాలన్నీ ఇప్పుడు నువ్వే విప్పి చూస్తావట కదా. అందుకేనా ఇన్నాళ్లూ ఎవరి ఇంటికీ ఈ మాట చేరలేదు?

ఇదంతా నా అనుమానమే అయితే నీ కాళ్లు పట్టుకుంటాను. మొగుణ్ని అనుమానించిన పాపం నాదే అవుతుంది. కానీ వచ్చే ఆదివారం లోపు నా అన్నను పంపు. ఆదివారం పొద్దున ఆ మేడం ఇక్కడి జెట్టీలోనే బోటు ఎక్కుతుందట. పంపకపోతే నేను జెట్టీకి పోయి ఆమెకే చెబుతాను.

ప్రేమ


దీవి క్యాంపు
డిసెంబర్ 10, 2022

ప్రేమా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

నువ్వు అనుకున్నట్టు నేను చెడ్డవాణ్ని కాదు. ఆ రోజు జరిగింది విను. సముద్రం వైపు బ్లాకుల దొంతర ఎత్తుతున్నాం. బావ కింద చెయ్యి పెట్టాడు, గబుక్కున లాక్కున్నాడు. నేను చూశాను. ఇసుక రంగులో ఉంది, మన చెప్పు పొడుగు కూడా లేదు, రాళ్ల సందులోకి జారిపోయింది. నేను పేరు పెట్టి అరవబోయాను. బావ నా నోటి మీద చెయ్యి పెట్టాడు. "పేరెత్తకు బావా, పేరెత్తకు" అన్నాడు. వీపు మీద వేసుకుని పరిగెత్తాను. దారంతా అదే మాట. పేరెత్తొద్దని ఆయనే అన్నాడు ప్రేమా, నేను కాదు.

క్లినిక్ దగ్గరికి వచ్చేసరికి ముదీర్ నిలబడి ఉన్నాడు. ప్రమోద్ ఏమైందన్నాడు. బావ పురుగన్నాడు. నేను కీడా అన్నాను. అది అబద్ధమెట్లా అవుతుంది? ఆయన అన్న మాటే అన్నాను. అంత చిన్నది ఏం చేస్తుందిలే, సాయంత్రానికి తగ్గుతుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి మోచేతి దాకా వాచింది. అప్పుడు చెబుదామని పోయాను. ముదీర్ నా భుజం మీద చెయ్యేసి, "ఖలాస్, నిన్న కీడా అన్నావు, అదే రాశాం, ఇప్పుడు మార్చితే మూడొందల మంది ఇళ్లకు పోతారు, నీవల్లే పోతారు" అన్నాడు. ఆ మర్నాడే తెల్ల హెల్మెట్ పంపించాడు. నేను అడగలేదు.

మూడొందల మంది, ప్రేమా. అందులో సగం మంది మనవాళ్లే. వాళ్ల ముఖాలు చూస్తూ ఆ మాట ఎట్లా అనేది? అయినా ప్రమోద్ రోజూ సూదులు వేస్తున్నాడు. జ్వరం తగ్గింది. రెండు వేళ్లు కొంచెం నల్లబడ్డాయి, అంతే. నేను రోజూ పోయి అన్నం తినిపిస్తున్నాను. ఆయన నాతో మాట్లాడడం లేదు.

ఆ మేడంతో ఏమీ చెప్పకు. నీకు దండం పెడతాను. ఇంకొక్క నెల.

నీ
రాకేశ్


అల్ నహ్దా, షార్జా
డిసెంబర్ 12, 2022

రాజ్యం నాయనకు,

నీ ఉత్తరమూ మా అన్నా నిన్న ఒకే బోటులో వచ్చారు. నీ ఉత్తరంలో రెండు వేళ్లు కొంచెం నల్లబడ్డాయని ఉంది. చెయ్యి చూశాక ఉత్తరం చదివాను.

నిన్న పొద్దున్నే జెట్టీకి పోయాను. బేగం తనే కారులో తీసుకుపోయింది. ఆ మేడం బోటు ఎక్కబోతుంటే పోయి ముందర నిలబడ్డాను. నాకు హిందీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. "మేరా భాయ్" అన్నాను, చెయ్యి చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. బేగం ఏదో చెప్పబోయింది, నేనే ఆపాను. "సాంప్" అన్నాను. తర్వాత ఎందుకో తెలుగులో కూడా అన్నాను. పుట్టిన తర్వాత ఆ పేరు నోటితో అనడం అదే మొదలు. మేడం ముఖం మారిపోయింది. షాహుల్ అన్నను తొందరపెట్టి బోటు తీయించింది, సాయంత్రం అన్నను పట్టుకుని తనే దిగింది.

ఇప్పుడు అన్న ఆసుపత్రిలో ఉన్నాడు. జెట్టీలో నన్ను చూసి "ముసల్దానా" అన్నాడు.

నీ కోసం కూడా చూశాను. నువ్వు బోటులో లేవు.

ప్రేమ


సోనాపూర్, దుబాయ్
ఫిబ్రవరి 19, 2023

ప్రేమకు,

ఫోను చేస్తే ఎత్తడం లేదు. అందుకే మళ్లీ షాహుల్ చేతికే ఉత్తరం ఇస్తున్నాను.

అంతా అయిపోయింది. ఆ మేడం అదే దొంతర కింద దాన్ని పట్టింది. ఒకటి కాదు, పిల్లలతో సహా. గాజు పెట్టెలో పెట్టి, దేవుణ్ని ఊరేగించినట్టు తీసుకుపోయింది. పని ఆపేశారు. అందరినీ సోనాపూర్‌కు తెచ్చి పడేశారు. కొందరిని వేరే సైట్లకు పంపారు, కొందరిని ఇళ్లకు పంపుతున్నారు. మనవాళ్లలో కొందరు నిన్ను తిడుతున్నారు. మిగిలినవాళ్లు నన్ను తిడుతున్నారు. నా పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినడం లేదు. ముదీర్ ఎక్కడున్నాడో తెలియదు. హెల్మెట్ వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు విచారణ జరుగుతోంది. ప్రమోద్ నా మీదికి తోశాడు. తనకు కీడా అనే చెప్పారని, పాము అని ఒక్క మాట అనుంటే అప్పుడే హెలికాప్టర్ పిలిచేవాడినని చెప్పాడట. నేను తెలిసే మార్చి చెప్పానా, లేక మాట తెలియక చెప్పానా, అదీ వాళ్లు తేల్చేది. తెలిసే అని తేలితే నా గతి ఏమవుతుందో నాకు తెలియదు. మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరని మాత్రం అంటున్నారు.

నిన్ను కూడా పిలుస్తారు. మీ దగ్గర పురుగంటే ఏమిటని అడుగుతారు. ప్రేమా, పురుగంటే పురుగే అని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. రాజ్యం బడి పుస్తకంలో పురుగు బొమ్మ కింద ఏముంటుంది? పురుగనే ఉంటుంది. ఆ ఒక్క మాట అను చాలు. బావకు జరిగింది ఎట్లాగూ మారదు. నా బతుకన్నా మిగులుతుంది.

నువ్వు నా పేరు ఎప్పుడూ నోటితో అనలేదు. మొగుడి ఆయుష్షు తగ్గుతుందని. ఆ మాట గుర్తు తెచ్చుకో.

రాకేశ్


అల్ నహ్దా, షార్జా
మార్చి 5, 2023

రాకేశ్‌కు,

అవును, నీ పేరే. తడబడి రాసింది కాదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని రాశాను.

మొన్న నన్ను పిలిచారు. పెద్ద గది, ఏసీ, ముగ్గురు కూర్చున్నారు. తెలుగు తెలిసిన ఒకాయన కూడా ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. "పురుగు ముట్టింది అంటే మీ వైపు అర్థమేమిటమ్మా" అని అడిగాడు. నీ ఉత్తరం నా బ్యాగులోనే ఉంది. రాజ్యం గుర్తొచ్చింది. నిన్ను తిట్టేవాళ్లు, నన్ను తిట్టేవాళ్లు, పని పోయి ఇంటికి పోయినవాళ్లు, అందరూ గుర్తొచ్చారు. వాళ్ల ఇళ్లలో నా పేరు మంచిగా అనుకోరని నాకు తెలుసు. ఆ దుఃఖం నాకూ ఉంది. నీకొక్కడికే ఉందనుకోకు.

"పాము కరిచిందని అర్థం" అని చెప్పాను.

"అందరికీ తెలుసా?" అన్నాడు. "మా దగ్గర పుట్టినవాళ్లందరికీ తెలుసు" అన్నాను. ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే, చెప్పాలి అన్నాను. ఆ ఎండలో ఆ చివర్నించి నా అన్నను వీపు మీద వేసుకుని పరిగెత్తింది కూడా నువ్వేనని చెప్పాను. షాహుల్ అన్న కళ్లతో చూశాడని చెప్పాను. అది కూడా రాసుకోండి అన్నాను. రాసుకున్నారు.

అన్నకు కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు. మొదటి రోజే తెలిసుంటే దక్కేవని డాక్టర్ అన్నాడు. ఆ మాట బేగం నాకు హిందీలో చెబుతుంటే అన్న వినేశాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాటికి మళ్లీ మామూలే. ఆ మేడం చూడటానికి వచ్చి, ఆ జాతి భూమ్మీద ఇంకెక్కడా లేదని మళ్లీ చెబితే, "గంత పెద్ద భూమ్మీద దానికి నా చెయ్యే దొరికిందా" అని నవ్వాడు. మేడంకు అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వింది.

నువ్వు రాసిన మాట అడిగాను. పేరెత్తకు అన్నావా అన్నా, అని. "అవు, అన్న. పేరెత్తితే ఇసం పైకెక్కుతదని అన్న. డాక్టర్‌కు చెప్పకు అన్ననా? నాకు హిందీ రాదు గదనే ముసల్దానా. నా నోరు ఆయనే గదా. ఆయన చెప్తడు అనుకున్న" అన్నాడు. ఇన్ని రోజుల్లో ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది అప్పుడే. నొప్పికి కూడా ఏడవలేదు.

నీ మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. హెల్మెట్ మీద లేదు. భయపడ్డావనీ లేదు, భయం ఎవరికైనా వేస్తుంది. ఆయన నిన్ను తన నోరు అనుకున్నాడు.

ఇంకొకటి. నేను దొంగిలించింది గుర్తు లేదన్నాడని రాశావు కదా. అడగ్గానే చెప్పాడు. "రాజవ్వ గడ్డివాములో మాగేసిన సీతాఫలాలు. తిన్నది నువ్వు, దెబ్బలు నాకు." నువ్వు ఆయన్ను అడగనే లేదు.

నిన్న ఆసుపత్రిలో నీకు ఉత్తరం రాస్తానంటే, చివర్న పొడుపుకథ వేస్తానన్నాడు. చాలా రోజులకు వేశాడు. విను:

"ఈపు మీద మోస్కొని ఉరికిండు, నోట్లెకెల్లి జారిడిచిండు. గాడెవడు?"

వేసి, పెళ్లినాడు గడప దగ్గర నిలబడ్డట్టే నా వైపు చూశాడు. అప్పుడు ఇంటినిండా చుట్టాలున్నా చెప్పలేదు నేను. ఇప్పుడు చెప్పాను. "రాకేశ్" అన్నాను. పక్క మంచం ఆయన కూడా వినేంత గట్టిగా అన్నాను. అన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "గెలిచిన గని మంచిగ లేదే" అన్నాడు.

నీ ఆయుష్షు గురించి రాశావు. పేరెత్తకపోతే ఆయుష్షని మన పెద్దవాళ్లు రెండింటి గురించే చెప్పారు, మొగుడి పేరు, పాము పేరు. రెండూ నేను నోరు నొక్కుకుని కాపాడాను. నా అన్నకు రెండు వేళ్లు పోయాయి.

విచారణలో ఏం తేలుతుందో నాకు తెలియదు. నిన్ను పంపేస్తే ఊళ్లో ఉంటావు, నేను ఇక్కడ పని చేసి రాజ్యాన్ని చదివిస్తాను. కానీ పోయేలోపు ఒక్కసారి ఆసుపత్రికి రా. అన్న ముందర నిలబడు. ఆయన చెయ్యి చూస్తూ, ఆ రోజు ఏం కరిచిందో నీ నోటితో, పేరు పెట్టి చెప్పు. నాకు చెప్పొద్దు, ఆ ముగ్గురికీ చెప్పొద్దు. ఆయనకు చెప్పు.

చెబితే, మళ్లీ నీ పేరు అననింక, రాజ్యం నాయనా అనే పిలుస్తాను.

ప్రేమ